రెండో గిన్నె అన్నం

యుద్ధం ముగిసినా తిరుపతిలో మాకు రేషన్ బియ్యం తప్పలేదు. ఆ బియ్యం మీద నా ఫిర్యాదు అందులో రాళ్ళున్నాయని కాదు. రేషన్ బియ్యంలో రాళ్ళు ఉండక ఏముంటాయి? నల్లరాయి అయితే ఏరుకుంటాం, ఎర్రరాయి అయితే ఏరుకుంటాం. మాకు వచ్చే బియ్యంలో మాత్రం రాళ్ళు బియ్యం రంగులోనే, బియ్యం పొడవులోనే ఉండేవి. పనిలేనివాడెవడో ఒక్కొక్కటే చేత్తో ఎంచి తృప్తిగా కలిపినట్టుండేవి. ఏది బియ్యమో ఏది రాయో పంటి కింద పడితే తప్ప తెలిసేది కాదు. నేను బి.ఏ. చదివాను. చదివింది తత్వశాస్త్రం. ఈ తేడా కనిపెట్టడానికి ఆ చదువు ఎన్నడూ అక్కరకు రాలేదు.

మా అమ్మ ఏ చదువూ లేకుండానే ఏరేది. పెరటి గడపలో ఎండపొడ పడేచోట చేట పెట్టుకుని కూర్చునేది. నేను జపాను నుంచి తిరిగి వచ్చిన కొత్తల్లో ఒక పొద్దున అలా ఏరుతూ, తల ఎత్తకుండానే అంది:

"రేయ్, మీ అన్నకు ఏడాదికొక దినం ఆకేసి ఇంత అన్నం పెట్టాలరా. ఆ పని నువ్వు చేయించాల."

"నాయన ఒప్పుకోవాల గదమ్మా."

"ఆయన ఒప్పుకొనేది ఉంటే నిన్నెందుకు అడుగుతాను? నేనే పెట్టించుకోనా?"

అమ్మ ఎప్పుడూ ఏదీ కావాలని అడిగిన మనిషి కాదు. చీర చిరిగితే కుట్టుకునేది, ఒళ్ళు కాలితే పడుకునేది. అందుకని ఆ మాటకు నాకు కొంచెం భయం వేసింది.

అన్న సంగతి చెప్పాలి. మా అన్న చిత్తూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడే నర్సుగా ఉన్న అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ పెళ్ళి కావాలంటే ముందు బాప్తిస్మం కావాలన్నారు, తీసుకున్నాడు. నాకు తెలిసినంతవరకు వాడు ఏసును ఎంత నమ్మాడో అంతకుముందు వెంకటేశ్వరుణ్ణీ అంతే నమ్మాడు. రెండు చోట్లా మధ్యరకం భక్తుడు. గొంతు బాగుండేది కాబట్టి రెండు చోట్లా పాటలకు మాత్రం ముందు వరసలో ఉండేవాడు.

మా నాయనకు తిరుపతిలో పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే అంగడి. కొండకు పోయే యాత్రికులే బేరం. కొడుకు కిరస్తానంలో కలిశాడన్న కబురు చేరిన రోజు నాయన అంగడి మూసి, బావి దగ్గరికి పోయి, నెత్తిన నీళ్ళు పోసుకున్నాడు. చావు కబురు వింటే పోసుకునే నీళ్ళు. మా పెరట్లోనే బావి ఉంది. అయినా నాయన వీధి బావికి పోయాడు. తడిపంచెతో వీధి పొడుగునా నడిచి వచ్చాడు. చూడాల్సినవాళ్ళు చూశారు. మరునాడు అంగడి తెరిచాడు, బేరం తగ్గలేదు. అమ్మను కూడా పోసుకోమంటే జ్వరంగా ఉందంది. ఆ జ్వరం చాలా ఏళ్ళు ఉండింది.

తర్వాత యుద్ధం వచ్చింది. అన్న సైన్యపు ఆసుపత్రిలో చేరి మలయా పోయాడు. సింగపూరు పడిపోయినప్పుడు జపానువాళ్ళకు చిక్కాడు. ఖైదులో ఉండగా పోయాడని యుద్ధమయ్యాక కబురు వచ్చింది. వచ్చింది కూడా చిత్తూరులో ఉన్న మా వదినకు. ఆమె ఆసుపత్రి బండి తోలేవాడి చేత మాకు చెప్పి పంపింది. ఆ రోజు నాయన నీళ్ళు పోసుకోలేదు. ఆ బాకీ ఎప్పుడో తీరిపోయిందన్నట్టు అంగట్లోనే కూర్చున్నాడు.

అప్పటికి నేనూ సైన్యంలో గుమాస్తాను. గెలిచినవాళ్ళ తరఫున ఓడినవాళ్ళ దేశాన్ని కాపలా కాయడానికి మా దండును జపాను పంపారు. గెలిచిన దేశమూ మాది కాదు, ఓడిన దేశమూ మాది కాదు. కాపలా మాత్రం మాదే.

ఓడ దిగేముందు మాకు ఒక దొర ఉపన్యాసం ఇచ్చాడు. ఈ దేశంలో బౌద్ధులుంటారు, వాళ్ళ మతానికి భంగం కలిగించకండి అన్నాడు. భంగం కలిగించకూడదంటే ముందు ఎవరికో తెలియాలి కదా, నేను బౌద్ధుల కోసం వెతికాను. మేమున్న ఆ చిన్న పట్నంలో గుడి ఉంది, గంట ఉంది, గుండు చేయించుకున్న సన్యాసి ఉన్నాడు. ఆయన తప్ప, నేను బౌద్ధుణ్ణి అని ఒప్పుకున్నవాడు ఇంకొకడు కనబడలేదు. అట్లాగని నాస్తికులా అంటే, కొత్త సంవత్సరం నాడు ఊరు ఊరంతా ఇంకొక దేవుడి గుడి ముందు వరసకట్టి చప్పట్లు కొట్టి దణ్ణం పెట్టారు. బిడ్డ పుడితే ఆ గుడికి తీసుకుపోతారు, మనిషి పోతే ఈ గుడికి. పోటీ లేదు, పంపకం ఉంది. వాళ్ళ రాజు మేము ఓడ దిగడానికి కొద్దినెలల ముందే తాను దేవుణ్ణి కాదని తానే చెప్పుకున్నాడు. అలా తనంతట తాను పదవి వదులుకున్న దేవుడు మా వైపు ఎవరూ లేరు.

మా దండులో అంతా సవ్యంగా ఉండేది. పట్టీలో ప్రతివాడి పేరు పక్కనా వాడి మతం ఉండేది. హిందువుల పొయ్యి వేరు, ముసల్మానుల పొయ్యి వేరు. పొగ మాత్రం క్రమశిక్షణ లేకుండా కలిసిపోయేది.

మా ఆఫీసు బట్టలు ఉతకడానికి ఒక ముసలావిడకు వేసేవాళ్ళం. బట్టలు తెచ్చుకోవడానికి పోయేవాణ్ణి నేనే. ఆవిడతో ఒక కోడలు ఉండేది. మిషన్ బడిలో చదివింది, మెల్లగా, జాగ్రత్తగా ఇంగ్లీషు మాట్లాడేది. మగదిక్కు లేదు. ఆ ఇంట్లో వంటగది గుమ్మం పైన ఒక చిన్న అర, దాంట్లో ఒక దేవుడు. నడిమింట్లో నల్లటి చెక్క అల్మారా లాంటిది, దాంట్లో చనిపోయిన పెద్దల పేర్లు రాసిన పలకలు, ఒక కుర్రవాడి ఫోటో. ఫోటో ముందు చిన్న ఇత్తడి గిన్నెలో అన్నం. కోడలి గదిలో గోడకు చెక్క సిలువ. ఒకే ఇంట్లో ఇన్ని చూసి నాలోని గుమాస్తాకు నిద్ర పట్టలేదు. ఒకరోజు అడిగేశాను:

"మీది ఏ మతం?"

కోడలు అత్తను అడిగింది. ఆవిడ నవ్వింది. నవ్వి, నవ్వి, తడిచెయ్యి నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుని ఏదో చెప్పింది.

"మాకు మతమేమీ లేదంటోంది," అంది కోడలు.

"మరి ఆ అన్నం?"

"అది ఆమె కొడుక్కి."

అంతే. ప్రశ్నకూ జవాబుకూ మధ్య నేను చదివిన తత్వశాస్త్రం పట్టేంత చోటు లేదు.

ఆ ఫోటోలో ఉన్నవాడు బర్మాలో పోయాడు. అంటే మా వాళ్ళ చేతిలో. అస్థికలని ఒక చెక్క పెట్టె పంపారట. పెట్టె తేలిగ్గా ఉందని విప్పి చూస్తే అందులో ఒక గులకరాయి ఉందట. ఆ రాయినే శ్మశానంలో పెట్టి, పైన వాడి పేరు రాయించారు. సన్యాసి ఏమీ అభ్యంతరం చెప్పలేదా అని అడిగాను. ఆయన పెట్టె విప్పి చూడలేదంది కోడలు.

ఇది విని ఆ దేశం స్వర్గమని ఎవరూ అనుకోకూడదు. కోడలే చెప్పింది. యుద్ధకాలంలో ఆమె చర్చికి పోలీసులు వచ్చి, మీ ఏసు గొప్పా మా రాజు గొప్పా అని అడిగారట. వీధి పెద్ద ఇంటింటికీ తిరిగి, ఎవరు రాజుగారి దిక్కుకు తల వంచారో ఎవరు వంచలేదో చూసిపోయేవాడట. "అత్తగారు నా మెడ మీద చెయ్యి వేసి వంచింది," అంది. "నమ్మమని చెప్పలేదు. వంచమని చెప్పింది." లోపల ఏమున్నా ఎవరికీ పట్టదు, బయట నలుగురితో పాటు వంగకపోతే మాత్రం ఆ వీధిలో బతకలేరు. మా ఊళ్ళో ఎంత వంగినా ముందు నువ్వెవరని అడుగుతారు. ఏది మేలో నాకు ఇప్పటికీ తెలియదు. మెడ నొప్పి రెండు చోట్లా ఒకటే.

ఒకరోజు ముసలావిడ నన్ను అడిగించింది: నీకు అన్నదమ్ములున్నారా? ఉండేవాడు, మీ వాళ్ళ ఖైదులో పోయాడు అన్నాను. కోడలు ఆ మాటను వెంటనే అత్తకు చెప్పలేదు. చేతిలో మడతపెట్టిన నా చొక్కాను మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. తర్వాత చెప్పింది. ముసలావిడ వాడి పేరేమిటని అడిగించింది, చెప్పాను. వాడికి ఏది ఇష్టమని అడిగించింది. పులుపు అన్నాను. మా అన్నకు చింతకాయ తొక్కు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

మరుసటి సారి పోయినప్పుడు ఫోటో ముందు రెండు గిన్నెలున్నాయి. రెండో గిన్నె అన్నం మీద ఉప్పులో ఊరబెట్టిన ఎర్రటి పుల్లపండు. ఆ రోజుల్లో వాళ్ళకు బియ్యం దొరికేవి కావు, చిలగడదుంపలు కలుపుకుని తినేవాళ్ళు. ఆవిడ చిన్న గంట మోగించి, కొడుకు పేరు చెప్పింది, తర్వాత మా అన్న పేరు చెప్పింది. వాళ్ళ నోట లకారం పలకదు. మా అన్న పేరు ఇంకెవరిదో పేరులా వినబడింది. అయినా ఆవిడ రోజూ చెప్పేది, అలాగే తప్పుగా, చాలా మర్యాదగా.

ఆవిడ మా అన్న పేరు అడిగింది, వాడికి ఇష్టమైన కూర అడిగింది. వాడు ఏ మతంవాడని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్ద జవాబే సిద్ధంగా ఉండింది.

ఇదంతా తిరిగి వచ్చాక అమ్మకు చెప్పాను. నాయనకు చెప్పలేదు. అమ్మ చేట పక్కన పెట్టి విన్నది.

"గిన్నె ఎంత ఉంటాది?"

అరచెయ్యి ముడిచి చూపించాను.

"అంతేనా. వానికి చాలదే." ఒళ్ళో పడిన గింజ తీసి చేటలో వేసింది. "వాని పేరు ఆమె ఎట్ల పిలిచేది? ఒకసారి చెప్పు."

చెప్పాను. అమ్మ నవ్వింది. నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంగోసారి చెప్పు," అంది.

ఆ తర్వాతే చేట ముందు కూర్చుని నన్ను ఆ కోరిక కోరింది.

నేను ముందు పురోహితుడి దగ్గరికి పోయాను. మా ఇంట్లో చావులూ పెళ్ళిళ్ళూ అన్నీ ఆయన చేతి మీదుగానే జరిగేవి. అరుగు మీద కూర్చుని వక్క కత్తిరిస్తున్నాడు.

"పోయిన తిథి ఏదబ్బా?"

"తెలీదు సామీ. ఖైదులో పోయినాడు."

"తిథి తెలీదు." ఒక వేలు మడిచాడు. "శవం?"

"ఆడనే యాడనో పూడ్చినారు."

"శవమూ లేదు. సరే, ఈ రెండిటికీ శాస్త్రంలో దారుండాది. తిథి విచారించి తెలుసుకోవచ్చు. శవం లేకపోతే దర్భలతో మనిషిని చేసి కాలుస్తాం." మూడో వేలు దగ్గర ఆగాడు. "మీ నాయన వీధి బాయికాడ నీళ్ళు పోసుకున్నాడు చూడు, అదీ చిక్కు. ఈ అరుగు మీద నుంచే చూసినాను. ఒకసారి చచ్చినోడు మళ్ళా చచ్చేదానికి శాస్త్రం ఒప్పుకోదప్పా."

"ఆ మధ్యలో వాడు బతికే ఉండె గదా సామీ. జీతం కూడా తీసుకుంటా ఉండె."

"జీతం సర్కారు సంగతి. నాకు మీ నాయన బాయికాడ చేసిందే లెక్క."

"మరి వాడు కిరస్తానంలో కలిసింది?"

"అదొకటి ఉండాది గానీ, అది చిన్నది. మీ నాయనే పెద్దది. ముందు తిథి తీసుకురా, చూస్తాము."

తిథి కోసం పాకాల మీదుగా రైల్లో చిత్తూరు పోయాను. వదిన ఆసుపత్రి ఆవరణలోనే ఒక గదిలో ఉండేది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. మా ఇంటి నుంచి ఎవరూ రారన్న విషయానికి ఎంత అలవాటు పడిందో, వచ్చినా అంతే తేలిగ్గా తీసుకుంది. గోడకు అన్న ఫోటో ఉంది, సైన్యం బట్టల్లో. చుట్టూ కాగితం పూలు.

"అన్న పోయిన తారీఖు కావాల వదినా."

"చెప్తాను. దేనికని మాత్రం నువ్వు చెప్పొద్దు అబ్బీ."

"ఏం?"

"చెప్తే నేను వద్దనాల. మా చర్చి అయ్యగారు పోయినేడు ప్రసంగంలో చెప్పినారు, చచ్చినోళ్ళకు అన్నం పెట్టేది దయ్యాలకు పెట్టేదేనంట. నన్ను చూస్తానే చెప్పినారు. మీ అన్న దినానికి నేను పొంగలి చేసినానని ఎవరో చెప్పినట్టుండారు."

"చేసినావా?"

"చేసినాను. ఫోటో ముందర కూర్చొని నేనే తిన్నాను. ఆయనకు పెట్టినానని రుజువేముండాది?"

ముసలావిడ గిన్నె సంగతి ఆమెకూ చెప్పాను. ఆమె చాలాసేపు కిటికీ బయటికి చూసింది. బయట రోగుల బంధువులు రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించుకుంటున్నారు.

"ఆమెది ఏం మతం?" అని అడిగింది చివరికి.

"ఏమీ లేదంట."

"పుణ్యాత్మురాలు," అంది వదిన. తారీఖు చెప్పింది. నేను రైలెక్కాను.

తారీఖు చూసి పురోహితుడు పంచాంగం తిప్పి తిథి తేల్చాడు. మర్యాదస్తుడు కాబట్టి నాతోపాటే మా ఇంటికి వచ్చి నాయన దగ్గర కూర్చున్నాడు. నాయన కర్పూరం పొట్లాలు కడుతున్నాడు. అంతా విన్నాడు.

"ఆ దినం ఇంట్లో ఆకేస్తే ఎవరికని అడుగుతారు. ఏం చెప్పేది?" అన్నాడు.

"కొడుక్కని చెప్పేది," అన్నాను.

"ఏ కొడుక్కి? నువ్వు ఈడనే కూర్చోనుండావు."

"నాయనా, జపానులో..."

"నీ జపాను ఎత్తొద్దురా. ఈ కుంకుమ కొనుక్కొనిపోయి నొసట పెట్టుకునేది జపానోళ్ళు కాదు. కొండకు పోయేవాళ్ళు. ఈ అంగడోడు కిరస్తానం కొడుక్కి తద్దినం పెడతా ఉండాడని ఒక నోట పడితే, ఎదురంగడోడు దాన్ని రైలు స్టేషను దాకా మోస్తాడు."

నాయన చెడ్డవాడు కాదు. దేవుడికి ఆయన అంతగా భయపడ్డట్టు నేను చూడలేదు. మొక్కుబడికి మొక్కేవాడు, దానం అడిగితే చిల్లర వెతికేవాడు. భయపడింది ఎదురంగడివాడికి. ఆ ఎదురంగడివాడు మా నాయనకు భయపడేవాడు. ఇద్దరూ పోటీపడి ఒకే రకంగా బొట్టు పెట్టుకునేవాళ్ళు.

చివరికి దారి కనిపెట్టింది పురోహితుడే. మహాలయ అమావాస్య వస్తోంది. ఆ రోజు ఊరంతా పెద్దలకు పెట్టుకుంటారు, ఎవరు ఎవరికి పెట్టారని అడిగేవాళ్ళుండరు. అదీగాక ఆ రోజు దిక్కులేనివాళ్ళకూ, పేరు తెలియనివాళ్ళకూ దయతో ఒక పిండం వేస్తారు. "ఆ పిండంలో కలిపేస్తాం. పేరు చెప్పము, గోత్రం చెప్పము. మీ నాయన మాటా నిలబడతాది, మీ అమ్మ కోరికా తీరతాది."

నాయన ముఖం తేటపడింది. పొట్లాలు కట్టడం మొదలుపెట్టాడు.

లోపల గుమ్మం వెనక నుంచి అమ్మ అడిగింది: "పేరు లేకుండానా సామీ?"

"మనసులో అనుకోమ్మా. మనసులో అనుకునేదానికి ఎవురు అడ్డమొస్తారు?"

"దిక్కులేనోళ్ళతో పాటా?"

పురోహితుడు వక్క నోట్లో వేసుకున్నాడు. నాయన దారం పళ్ళతో కొరికాడు. అమ్మ, "సరే, అట్లనే పెట్టండి," అంది. తన కొడుక్కి అన్నం దొరకడం ముఖ్యం గానీ బంతిలో పక్కన ఎవరు కూర్చుంటారన్నది కాదని అనుకుందేమో.

అమావాస్య వస్తోందనగా అమ్మ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. మా కోసం ఏరేవి ఒక చేటలో, ఆ ఆకు కోసం ఏరేవి వేరే. ఒకసారి ఏరినవి మళ్ళీ ఏరేది, ఏరినవి అరచేతిలో పోసుకుని వెలుగులో తిప్పి చూసేది. ఆ గింజలు ఒకటి రెండు నేను నోట్లో వేసుకుని చూశాను. రాయి లేదు. బతికున్నవాళ్ళకు అంత శుభ్రమైన అన్నం మా ఇంట్లో ఎప్పుడూ దొరకలేదు.

అమావాస్య రోజు మిద్దె మీద ఆకు వేశారు. కింద నాయన వాళ్ళ నాయనకు, తాతకు పెట్టాల్సినవన్నీ పేర్లతో గోత్రంతో సక్రమంగా అయిపోయాయి. పేరు లేని పిండం చివర్లో పెట్టారు. ఆ ఆకు మీద అన్నం, పప్పు, వడ. అమ్మ ఎవరూ చూడకుండా ఒక మూల చింతకాయ తొక్కు కూడా పెట్టింది. ఇక కాకి రావాలి. మా వైపు కాకి వచ్చి ముడితే పోయినవాడు తిన్నట్టు. ముట్టకపోతే వాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు బతికున్నవాళ్ళు ఆ కోరిక ఏదో ఊహించి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. సరైన మాట ఇచ్చినప్పుడు కాకి వస్తుంది.

ఆ రోజు తిరుపతిలో ప్రతి మిద్దె మీదా ఆకులే. కాకులు పొద్దుటి నుంచీ తిని తిని గోడల మీద కునికిపాట్లు పడుతున్నాయి. నేను ఈ విషయం చెప్పబోయాను గానీ, శాస్త్రంలో కాకికి అజీర్తి గురించి లేదు కాబట్టి ఊరుకున్నాను.

ఒక కాకి మాత్రం వచ్చి మా పిట్టగోడ మీద కూర్చుంది. ఆకు వంక చూసింది. రాలేదు.

"ఏదో ఉండాదప్పా," అన్నాడు పురోహితుడు నాయనతో. "చెప్పు ఏదైనా."

నాయన పంచె సర్దుకుని ముందుకొచ్చాడు. "రాప్పా, రా. మీ అమ్మను బాగా సూసుకుంటాను."

కాకి కదల్లేదు.

"మీ తమ్మునికి మంచి సంబంధం చూసి పెండ్లి చేస్తాను."

నా పెళ్ళిని నన్నడక్కుండానే కాకికి రాసిచ్చేశారు. కాకికి అది కూడా నచ్చలేదు.

పురోహితుడు గొంతు తగ్గించాడు. "ఆ చిత్తూరు కోడల్ని సూసుకుంటానని చెప్పప్పా."

నాయన కుడిపక్క మిద్దె చూశాడు. అక్కడ కాఫీ హోటలాయన, వాళ్ళ కాకి అప్పటికే వచ్చిపోయింది కాబట్టి, తీరిగ్గా చేతులు కట్టుకుని మా వైపు చూస్తున్నాడు. ఎడమపక్క మిద్దె మీద ఇద్దరు ఆడవాళ్ళు. నాయన గొంతు సవరించుకున్నాడు.

"అందర్నీ సూసుకుంటానప్పా. అందర్నీ," అన్నాడు.

కాకి తల అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏంది, ఇంకా ముట్టలేదా?" అని హోటలాయన కేకేశాడు. "ఎవురికి పెడతా ఉండారు?"

"దిక్కులేనోళ్ళకు," అన్నాడు నాయన. మామూలుగానే అన్నాడు, అంగట్లో ధర చెప్పినట్టు. "ఊరికే, పుణ్యానికి."

"ఓహో, ఎవురో బిచ్చగాడు ఉంటాడులే. మొగమాటపడతా ఉండాడు!" హోటలాయన నవ్వాడు. ఆడవాళ్ళూ నవ్వారు. నాయన కూడా, అడిగిన గిరాకీని కాదనలేనట్టు, కొంచెం నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. ఆకు పక్కనే గొంతుకూర్చుని ఉంది.

పురోహితుడికి చెమటలు పట్టాయి. మనిషి మంచివాడు, పని సగంలో వదలడు. నాయన చెవి దగ్గరికి వంగి, "పేరు పెట్టి పిలువప్పా. ఒక్కసారి. మెల్లగానే పిలువు," అన్నాడు.

నాయన నోరు తెరిచాడు. పెదవులు కలిసి విడిపోవడం నేను చూశాను. ఆ పేరు పెట్టింది నాయనే. చిన్నప్పుడు మమ్మల్ని అన్నానికి పిలిచేటప్పుడు వాడి పేరే ముందు పిలిచేవాడు, వీధి చివరిదాకా వినబడేది. ఇప్పుడు ఒకసారి కుడిపక్కకు చూశాడు, ఒకసారి ఎడమపక్కకు చూశాడు.

"రాప్పా," అన్నాడు. "రా, రా."

కాకి లేచి హోటలాయన మిద్దె మీదికి ఎగిరిపోయింది.

అమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది.

"ఆకు ఎత్తేయండి సామీ," అంది, నాయన వైపు చూస్తూ. "వాణ్ణి పేరు పెట్టి పిలిచి అన్నం పెట్టే ఆమె ఆడ జపానులో ఉండాది. వాడు ఈడికెందుకొస్తాడు?"